మన గ్రామములు లోకమునకు నేర్పిన లెక్క

మన పాఠశాల విద్యార్థులలో పెక్కుమందికి ఎడమ భుజముపై ఒక చిన్న మచ్చ కలదు. అది పసితనమున వేసిన బి.సి.జి. టీకా గుర్తు. ఆ టీకా క్షయవ్యాధినుండి మనుష్యుని ఎంతవరకు కాపాడును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ప్రపంచమున జరిగిన పరీక్షలలో మిక్కిలి పెద్దవానిలో ఒకటి మన తిరువళ్ళూరు ప్రాంతపు గ్రామములలోనే జరిగినది. దాని ఫలితమును నేటికిని పలుదేశముల వైద్యశాస్త్రజ్ఞులు ప్రస్తావించుచున్నారు. ఆ పరీక్షను ఆధారముగా గొని, సాంఖ్యక శాస్త్రమున "సార్థకత" యను భావమెట్టిదో, ఒకచోట సేకరించిన లెక్కలను ఇతరులతో పంచుకొనుట ఏల అవసరమో ఈ పాఠమున వివరింపదలచితిమి.

ఎనిమిది గ్లాసుల కాఫీ

మొదట ఇంటిలోనే చేయదగిన పరీక్ష నొకదానిని తీసికొందము. మీ ఇంట తాతగారు, "గ్లాసులో ముందు పాలు పోసినారో, ముందు డికాక్షను పోసినారో రుచిచూచి చెప్పగలను" అనిరనుకొనుడు. ఆ మాట నిజమా, కాదా యని వాదులాడిన ప్రయోజనము లేదు. పరీక్షించి చూడవలయును.

ఎనిమిది గ్లాసులు తీసికొని, నాలుగింటిలో ముందు పాలు, తక్కిన నాలుగింటిలో ముందు డికాక్షను పోయుడు. చీట్లు తీయగా వచ్చిన వరుసలో వానిని తాతగారి ముందుంచుడు. పాలు ముందు పోసిన నాలుగు గ్లాసులను వారు ఏరి చూపవలయును. ఎనిమిదింటినుండి నాలుగింటిని ఏరు విధములు (8×7×6×5) ÷ (4×3×2×1), అనగా 70. వారికి ఆ నేర్పు ఏమాత్రము లేక, కేవలము ఊహించియే చెప్పినచో, నాలుగును సరిపడు అవకాశము 70లో 1 మాత్రమే. ఇది నూటికి ఒకటిన్నరకు లోపు. కావున నాలుగింటిని సరిగా చూపినచో, వారికి నేర్పు కలదని నమ్ముటకు మనకు మంచి ఆధారము దొరికినదనవచ్చును.

ఒక్క గ్లాసు తప్పినచో? నాలుగింటిలో మూడు మాత్రమే సరిపడు విధములు 16, నాలుగును సరిపడు విధము 1, మొత్తము 17. ఊహవలన మూడుగాని, అంతకు మించిగాని సరిపడు అవకాశము 70లో 17, అనగా నూటికి సుమారు 24. నలుగురు ఊహించి చెప్పిన, వారిలో ఒకరికి ఇట్టి ఫలితము సులభముగా దొరకవచ్చును. కావున మూడు సరిపడినంత మాత్రమున తాతగారి మాట రుజువైనదనరాదు. అట్లని వారి మాట అసత్యమని తేలినదనియు అనరాదు. ఈ రెండవ మాటను విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలయును. ముందు దీనితో పని కలదు.

ఇట్టి పరీక్షనే ఎనిమిది తేనీటి కప్పులతో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ 1935లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. "నేర్పు లేదు, అంతయు యాదృచ్ఛికమే" యని మొదట ఊహించుకొను ప్రతిపాదనకు శూన్య పరికల్పన యని పేరు. ఆ పరికల్పన నిజమైనచో, మనకు కనబడిన ఫలితముగాని అంతకంటె విశేషమైన ఫలితముగాని ఎంత అరుదుగా సంభవించునో లెక్కింతుము. అది మిక్కిలి అరుదని తేలినచో, ఫలితమునకు సాంఖ్యక సార్థకత కలదందుము. ఇరువదింటిలో ఒకటి, అనగా నూటికి 5, అను హద్దు ఫిషర్ 1925లో ప్రకటించిన మరియొక గ్రంథమువలన వాడుకలోనికి వచ్చెను. ఇది సౌకర్యము కొరకు ఏర్పరచుకొన్న హద్దేగాని ప్రకృతి విధించినది కాదు.

ఈ ఫిషర్ వద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరు పట్టము పొందినవారిలో మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఒకరు. వీరు 1920లో నాటి మదరాసు రాష్ట్రములోని హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిరి. పిమ్మట కలకత్తాలో మహలనోబిస్‌గారు స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో చేరి, 1945లో ప్రకటించిన ఒక వ్యాసముతో లోకప్రసిద్ధి పొందిరి. 2023లో, 102 ఏండ్ల వయస్సున, అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమానమును అందుకొని, ఆ యేటి ఆగస్టులో స్వర్గస్థులైరి. గణితమును మాతృభాషలో చదువుకొను మన పిల్లలు ఎరిగియుండవలసిన పేరిది.

టీకాపై వివాదము

బి.సి.జి. టీకాను ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కాల్మెట్, గెరాన్ తయారుచేసిరి. 1921లో మొదటిసారి దానిని మనుష్యులకు ఇచ్చిరి. మన దేశమున ఈ టీకా 1948లో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో ప్రారంభమయ్యెను. ఆ యేటనే మదరాసు గిండీలో టీకాను తయారుచేయు ప్రయోగశాల వెలసెను. అప్పటికి తిరుత్తణి తాలూకా కూడ చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మదరాసు రాష్ట్రమునకు మారి, చెంగల్పట్టు జిల్లాలో చేరినది. కావున టీకా మొదలైన జిల్లాయు, దానిని పరీక్షించిన జిల్లాయు రెండును తిరుత్తణివారికి సొంత జిల్లాలే యైనవి.

టీకాపై ఆనాడు అందరికి ఏకాభిప్రాయము లేదు. 1955లో రాజాజీ వంటి పెద్దలే దానిని బహిరంగముగా వ్యతిరేకించిరి. ప్రభుత్వమువారు, పలువురు వైద్యులు దానిని సమర్థించిరి. ఆ వాదమున ఎవరు గెలిచిరని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇట్టి విషయము మాట్లాడువారి గౌరవమునుబట్టి తేలునది కాదనియు, లెక్క వలననే తేలవలసినదనియు చెప్పుటయే మా ఉద్దేశము.

ఇంగ్లండులో 1950లో ప్రారంభమైన ఒక పరీక్షలో, బడి విడుచుచున్న 14, 15 ఏండ్ల పిల్లలు 50 వేలకు మించి పాల్గొనిరి. అందు టీకా నూటికి సుమారు 77 పాళ్ళ రక్షణ నిచ్చినట్లు తేలెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని పరీక్షలో మేలు మిక్కిలి స్వల్పముగా కనబడెను. ఒకే టీకాకు రెండు దేశములలో ఇంత భేదమేల? మన దేశమున ఎట్లుండును? ఈ సందేహమును తీర్చుటకే చెంగల్పట్టు పరీక్ష ఏర్పడెను.

తిరువళ్ళూరు ప్రాంతమున జరిగిన పరీక్ష

భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ కలిసి ఈ పరీక్షను నడపినవి. 1968 నుండి 1971 వరకు, నాటి చెంగల్పట్టు జిల్లాలో తిరువళ్ళూరు ప్రాంతమున ఇంటింటికి తిరిగి 3,66,625 మందిని నమోదు చేసిరి. వారిలో 2,81,161 మందికి సూది వేసిరి. కొందరికి టీకా ఎక్కువ మోతాదున, కొందరికి తక్కువ మోతాదున, కొందరికి టీకా లేని ఉత్త ద్రవము ఇచ్చిరి. ఎవరికి ఏది యన్నది చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయింపబడెను. సూది వేయించుకొన్నవారికిగాని, పిదప వ్యాధిని నిర్ణయించు వైద్యులకుగాని ఎవరు ఏ వర్గమువారో తెలియదు.

ఇంత కట్టుదిట్టమేల? ఇష్టమైనవారికి టీకా వేసి, ఇష్టము లేనివారిని విడిచి, ఇరువర్గములను పోల్చినచో, టీకా వేయించుకొన్నవారు మంచి తిండి, గాలి వెలుతురు గల ఇండ్లు కలవారే యైయుండవచ్చును. అప్పుడు కనబడు మేలు టీకాదో, తిండిదో తెలియదు. చీట్లు తీసినప్పుడు పేద, ధనిక, బలవంత, దుర్బల భేదములన్నియు వర్గములన్నింటిలో ఇంచుమించు సమముగా పంచబడును. కాఫీ గ్లాసుల వరుసను చీట్లతో నిర్ణయించుటలో గల ఉద్దేశమే ఇక్కడను కలదు.

రెండున్నర ఏండ్లకొకసారి పరిశోధకులు మరల ఊరూరు తిరిగి, ఎక్స్‌రే తీసి, కఫమును పరీక్షించి, కొత్తగా క్షయ సోకినవారిని గుర్తించిరి. ఈ విధముగా 15 ఏండ్లు గడచెను. మొదట ఎక్స్‌రేలో దోషము లేక, చర్మపరీక్షలో వాపు 7 మిల్లీమీటర్లకు మించక, అనగా అంతవరకు క్షయక్రిములు సోకిన జాడ కనబడనివారు 1,09,873 మంది. వారిలో 15 ఏండ్లలో 560 మందికి వ్యాధి కనబడెను. అనగా వేయింటికి సుమారు అయిదుగురు.

అంత పెద్ద సంఖ్యలో జనమును ఏల తీసికొనవలసి వచ్చినదో ఈ అయిదు అను అంకెయే చెప్పును. ఒక్క వేయిమందితోనే పరీక్ష జరిపియుండినచో, 15 ఏండ్లు కనిపెట్టియున్నను సుమారు అయిదుగురు రోగులే తేలుదురు. ఒక వర్గమున ఒకరు, మరియొక వర్గమున ఇద్దరు, ఇంకొక వర్గమున మరి ఇద్దరు ఉన్నచో, అది టీకా మహిమయో, యాదృచ్ఛికమో ఎవరు చెప్పగలరు? కొద్దిమందిని చూచి పెద్దమాట చెప్పరాదు.

ఫలితమును చదువు విధము

మొదటి నివేదిక 1979లో వెలువడెను. 15 ఏండ్ల పూర్తి నివేదిక 1999లో వచ్చెను. కఫములో క్రిములు కనబడు ఊపిరితిత్తుల క్షయ విషయమున మూడు వర్గములలోను వ్యాధి ఇంచుమించు సమానమే. పెద్దవారికి టీకావలన రక్షణ ఏమియు కనబడలేదు. పిల్లలలో నూటికి 27 పాళ్ళ రక్షణ కనబడినది; అయితే దాని అవధులు ఋణ 8 నుండి 50 వరకు.

ఈ అవధులు అననేమి? ఇట్టి పరీక్షను పలుమారులు జరిపి ప్రతిసారి ఇదే విధముగా అవధులు కట్టినచో, నూటికి 95 మారులు నిజమైన విలువ ఆ అవధుల నడుమ ఇమిడియుండును. 27 అను ఒక్క అంకెను చూచువాడు "నాలుగవ వంతు రక్షణ" యని సంతోషించును. అవధులను కూడ చూచువాడు, నిజమైన రక్షణ సగము కావచ్చును, సున్న కావచ్చును, టీకా వేసినవారిలోనే రోగులు కొంచెము ఎక్కువ కావచ్చును అని గ్రహించును. సున్న ఆ అవధుల నడుమ ఉన్నది గనుక, నూటికి 5 అను హద్దునుబట్టి ఈ 27కు సాంఖ్యక సార్థకత లేదు.

ఇచ్చట మూడు పొరపాట్లకు అవకాశము కలదు.

మొదటిది: సార్థకత లేదనగా ప్రభావము లేదని రుజువైనదనుకొనుట. తాతగారు మూడు గ్లాసులే సరిగా చెప్పిననాడు మనము చెప్పుకొన్న మాట ఇదియే. పిల్లల విషయమున ఈ పరీక్ష "తేలలేదు" అన్నది. "లేదు" అనలేదు.

రెండవది: సార్థకత కలదనగా ప్రభావము గొప్పదనుకొనుట. కొన్ని లక్షలమందిని లెక్కించినచో అత్యల్పమైన భేదమునకు కూడ సార్థకత రావచ్చును. అమెరికా సాంఖ్యక శాస్త్ర సంఘము 2016లో ఒక ప్రకటన చేసి, ఈ కొలత ప్రభావపు పరిమాణమును తెలుపదనియు, పరికల్పన నిజమగుటకు గల అవకాశమును కూడ తెలుపదనియు శాస్త్రజ్ఞులను హెచ్చరించెను.

మూడవది: ఎన్నో మారులు వెదకి, దొరికిన ఒక్కదానినే చూపుట. ఒక తరగతిలో 40 మంది విద్యార్థులు తలకు అయిదుమారులు రూపాయి నాణెము ఎగురవేసిరనుకొందము. ఒక విద్యార్థికి అయిదుమారులును బొమ్మయే పడు అవకాశము 32లో 1, అనగా నూటికి సుమారు 3. ఇది నూటికి 5 హద్దుకు లోపలనే కలదు. కాని 40 మందిలో ఎవరో ఒకరికైనను అట్లు పడు అవకాశము నూటికి 72. ఆ విద్యార్థిని మాత్రము వేదిక ఎక్కించి "ఇతని చేతిలో మహిమ కలదు" అన్నచో అది మోసమగును. తక్కిన 39 మంది లెక్కను కూడ చూపవలయును.

లెక్కలను పంచుకొనుట

ఈ మూడవ పొరపాటునుండియే లెక్కలను పంచుకొనవలసిన అవసరము పుట్టుచున్నది. ఇంగ్లండు ఫలితమును మాత్రము ప్రకటించి, చెంగల్పట్టు ఫలితమును "విఫలమైనది" యని బీరువాలో దాచియుండినచో, లోకమంతయు టీకాను అతిగా నమ్మియుండెడిది. మన పరిశోధకులు అట్లు చేయలేదు. ఆశించినది రాకున్నను వచ్చినదానిని వచ్చినట్లు ప్రకటించిరి.

దానివలన ఏమి ఒరిగినది? 1994లో కొందరు పరిశోధకులు పలుదేశములలో జరిగిన పరీక్షల లెక్కలను ఒకచోట చేర్చి పరిశీలించిరి. సగటున టీకా సుమారు సగము రక్షణ నిచ్చుచున్నదని తేలెను. అంతకంటె విశేషము మరియొకటి బయటపడెను. భూమధ్యరేఖకు దూరముగా పోయినకొలది టీకావలని రక్షణ హెచ్చుగా కనబడెను. లండను నగరము 51 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, మన తిరువళ్ళూరు 13 డిగ్రీల వద్ద ఉన్నవి. ఉష్ణదేశముల నేలలోను, నీటిలోను ఉండు క్షయజాతి క్రిములవలన మన శరీరములకు ముందే కొంత పరిచయము కలుగుట ఇందుకు ఒక కారణము కావచ్చునని కొందరు ఊహించిరి. ఇందుపై చర్చ నేటికిని ముగియలేదు. లండను లెక్కను ఒంటిగా చూచినను, తిరువళ్ళూరు లెక్కను ఒంటిగా చూచినను ఈ అక్షాంశ భేదము ఎవరికిని కనబడి యుండదు. రెండింటిని ఒక్క పట్టికలో చేర్చుటవలననే కనబడినది.

2022లో మరియొక పరిశీలన వెలువడెను. 17 దేశములలో జరిగిన 26 అధ్యయనములనుండి, ఒక్కొక్క మనిషికి సంబంధించిన వివరములను సేకరించి 68,552 మంది లెక్కను కలిపి చూచిరి. అయిదేండ్లలోపు పిల్లలకు టీకా నూటికి 37 పాళ్ళ రక్షణ నిచ్చుచున్నదనియు, అంతకు పెద్దవారిలో సార్థకమైన రక్షణ కనబడలేదనియు తేలెను. ఒక్కచోటి లెక్క తేల్చజాలని ప్రశ్నకు పలుచోట్ల లెక్కలు కలిసి సమాధానము చెప్పుట ఇట్లుండును.

అయితే లెక్కలు కలియవలెనన్నచో కొలతలు కలియవలయును. మెట్రిక్ పద్ధతి రాకమునుపు ఒక సంతలోని కొలపాత్ర మరియొక సంతలోని దానితో సరిపడెడిది కాదు. అట్టి రెండు ఊళ్ళ ధాన్యపు లెక్కలను కూడినచో మొత్తము అర్థము లేనిదగును. శాస్త్రమునను అంతియే. ఎవరిని రోగి యనవలెను, చర్మముపై వాపును ఏ దినమున ఎట్లు కొలువవలెను అనునవి ముందే నిర్ణయించి, వ్రాసిపెట్టి, లెక్కతోపాటు ఆ వ్రాతను కూడ పంపవలయును. రోగుల పేర్లు, ఇండ్ల గుర్తులు మాత్రము తొలగింపవలయును. విశ్వాసముతో తమ దేహమును పరీక్షకు అప్పగించినవారి గుట్టు కాపాడుట పరిశోధకుల ధర్మము.

ఇతర శాస్త్రములలోను ఈ రెండు నియమములు వేర్వేరు రూపములతో నడచుచున్నవి. జన్యుశాస్త్రజ్ఞులు ఒక్కసారి సుమారు పదిలక్షల స్థానములను వెదకుదురు. కావున వారి హద్దు నూటికి 5 కాదు, పదికోట్లకు 5. పరమాణు భౌతికశాస్త్రజ్ఞులు 2012లో హిగ్స్ కణమును ప్రకటించుటకు పూర్వము, యాదృచ్ఛికముగా అట్టి ఫలితము వచ్చు అవకాశము 35 లక్షలలో ఒకటికి తగ్గువరకు వేచియుండిరి. రెండు వేర్వేరు బృందములు వేర్వేరు యంత్రములతో అదే ఫలితమును చూపిన పిమ్మటనే నమ్మిరి. మానవ జన్యుక్రమమును చదివిన శాస్త్రజ్ఞులు, చదివిన భాగమును 24 గంటలలో అందరికి తెలుపవలెనని 1996లో బెర్ముడాలో నిర్ణయించుకొనిరి. మన దేశమున వైద్యపరీక్షలను ముందే నమోదుచేయు పట్టిక 2007లో ఏర్పడెను. 2009నుండి ఆ నమోదు తప్పనిసరి యైనది. మొదలిడిన పరీక్ష పేరు అందరికి తెలిసియుండును గనుక, ఫలితము నచ్చలేదని దానిని మరుగుపరచుట కష్టమగును.

తల్లిదండ్రులకు మనవి

ఈ పాఠమును చదివి, "బి.సి.జి. వలన ప్రయోజనము లేదట, మన పాపకు ఏల?" అని ఎవ్వరును అనుకొనరాదు. తిరువళ్ళూరు పరీక్ష ముఖ్యముగా కొలిచినది కఫములో క్రిములు కనబడు ఊపిరితిత్తుల క్షయను. పసిపిల్లల మెదడుపొరలకు సోకు క్షయ, శరీరమంతట వ్యాపించు క్షయ అంతకంటె ఘోరమైనవి. వీనినుండి టీకా నూటికి సుమారు 73, 77 పాళ్ళు కాపాడుచున్నదని పలుదేశముల అధ్యయనములను కలిపి 2006లో ప్రకటించిన లెక్క తెలుపుచున్నది. అందుచేతనే నేటికిని మన దేశమున శిశువు పుట్టగానే ఈ టీకా వేయుచున్నారు. తప్పక వేయింపుడు.

అట్లే "చిన్ననాడు టీకా వేసినారు, నాకు క్షయ రాదు" అని పెద్దవారు ధీమాగా ఉండరాదు. పెద్దవారిని టీకా కాపాడునని నమ్మరాదని చెప్పినవి మన గ్రామముల లెక్కలే. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి కఫము పరీక్ష చేయించుకొనవలయును. పరీక్షయు, మందులును అక్కడ ఉచితముగా లభించును.

ఆనాడు చేయిచాచి సూది వేయించుకొని, పదునైదేండ్లు పరిశోధకులు వచ్చినప్పుడెల్ల తలుపు తీసిన లక్షలమంది తెలుగువారో, తమిళులో, ఉర్దూ మాట్లాడువారో ఆ పట్టికలో కనబడదు. వారిలో మన తాతలు, అవ్వలు కూడ ఉండియుందురు. వారు ఇచ్చిన లెక్క నేడు ప్రపంచమందలి శిశువులందరి మేలుకొరకు వినియోగపడుచున్నది. దానిని సరిగా చదువ నేర్చుకొనుట మన పని.

అభ్యాసము

1. ఎనిమిదికి బదులు ఆరు గ్లాసులతో, మూడింటిలో పాలు ముందు, మూడింటిలో డికాక్షను ముందు పోసి పరీక్షించినచో, ఊహవలన అన్నియు సరిపడు అవకాశమెంత? అది నూటికి 5 హద్దుకు ఎచ్చట నిలుచును?

2. మీ తరగతిలో ప్రతివారును అయిదుమారులు నాణెము ఎగురవేసి, ఫలితములన్నింటిని నల్లబల్లపై వ్రాయుడు. అయిదును బొమ్మలే పడినవారు ఎందరు? వారిని మాత్రమే లెక్కించిన కలుగు పొరపాటును నాలుగు వాక్యములలో వివరింపుడు.

3. ఒక పరీక్షలో రక్షణ నూటికి 40, అవధులు 25 నుండి 52. మరియొకదానిలో రక్షణ నూటికి 60, అవధులు ఋణ 15 నుండి 81. ఏ ఫలితమును ఎక్కువగా నమ్మవచ్చును? కారణమేమి?

4. మీ పాఠశాల, పొరుగు పాఠశాల విద్యార్థుల ఎత్తులను కొలిచి ఒక్క పట్టికలో చేర్పదలచిరి. ముందుగా ఇరుపక్షములు ఏయే విషయములలో ఏకీభవింపవలయును? పట్టికలో ఏ వివరములను వ్రాయరాదు?